అచ్చుపని నేర్చిన చేతులు: మన మెట్ట ప్రాంతపు పిల్లలకు ఒక దారి

రంజాన్ నెల దగ్గర పడుతోందంటే ఉదయగిరిలోనైనా ఆత్మకూరులోనైనా ఇంటింటి గోడ మీదకు ఒక చిన్న కార్డు చేరుతుంది. నెల రోజుల సహెరీ, ఇఫ్తార్ వేళలు, వాటి కింద ఏదో ఒక దుకాణం పేరు, ఫోన్ నంబరు. అరచేతిలో ఇమిడే ఆ కార్డు మీద దాదాపు అరవై వేళలు ఉంటాయి. అందులో ఒక్క అంకె తారుమారై, 4.38 ఉండవలసిన చోట 4.58 పడిందనుకోండి. ఆ రోజు దాన్ని నమ్ముకున్న ఎన్ని ఇళ్ళలో ఉపవాసం చిక్కులో పడుతుందో ఆలోచించండి. అటువంటి పొరపాటు జరగకుండా ఎవరో ఒకరు కూర్చుని, అరవై అంకెలనూ వేలు పెట్టి సరిచూసి ఉంటారు. మరొకరు యంత్రం దగ్గర నిలబడి పచ్చరంగు అక్షరాల మీదకు పాకకుండా చూసి ఉంటారు. ఇంకొకరు వేల కార్డులను ఒకే కొలతకు కోసి ఉంటారు. ఆ ముగ్గురి పేర్లూ కార్డు మీద ఉండవు. ఈ వ్యాసం అటువంటి వారి గురించి, మన పిల్లలలో నుంచి అటువంటి వారిని తయారు చేసుకోవడం గురించి.

మేము బడిలో పాఠాలు చెప్పుకునే వాళ్ళం. వ్యాపారం చేసిన అనుభవం మాకు లేదు. కానీ పదో తరగతి దాటిన పిల్లలు, దాటలేకపోయిన పిల్లలు తరువాత ఎక్కడికి వెళుతున్నారో, ఏమవుతున్నారో గమనించడం మా వృత్తిలో భాగమైపోయింది. ఆ గమనింపు నుంచే ఈ నాలుగు మాటలు.

అచ్చుపని అంటే ఒక పని కాదు

ప్రింటింగ్ అనగానే చాలామందికి ఒక యంత్రం, దాని పక్కన ఒక మనిషి కళ్ళ ముందు మెదులుతారు. నిజానికి అది మూడు దశల పని. మొదటిది ముద్రణకు ముందు జరిగేది. రాతప్రతిని కంప్యూటర్‌లో కూర్చడం, తప్పులు దిద్దడం, పేజీలను అమర్చడం, బొమ్మల రంగులు సరిచేయడం, అల్యూమినియం ప్లేటు తయారు చేయడం ఇందులోకి వస్తాయి. రెండవది ముద్రణ. యంత్రానికి ప్లేటు బిగించడం, సిరా, నీరు సమపాళ్ళలో ఉంచడం, కాగితం సక్రమంగా నడిచేలా చూడటం ఇందులోని పనులు. మూడవది ముద్రణ తరువాతది. మడత పెట్టడం, వరుస కూర్చడం, కుట్టడం, అంటించడం, అంచులు కోయడం, లామినేషన్ చేయడం, పెట్టెలుగా మలచడం.

ఈ మూడింటికీ మూడు రకాల మనుషులు కావాలి. భాష బాగా వచ్చి, కుదురుగా కూర్చునే పిల్లకు మొదటి దశలో పని ఉంది. యంత్రం చప్పుడు విని దాని జబ్బు చెప్పగల కుర్రవాడికి రెండవ దశలో పని ఉంది. చేతి ఒడుపు, కొలతలో కచ్చితత్వం ఉన్నవారికి మూడవ దశలో పని ఉంది. బడిలో అందరికీ ఒకే పరీక్ష పెట్టి, ఒకే మార్కుల పట్టికతో విలువ కడతాము. ఈ వృత్తి మాత్రం వేరువేరు తెలివితేటలకు వేరువేరు చోట్లు ఇస్తుంది. అందుకే దీని గురించి తల్లిదండ్రులకు చెప్పాలనిపించింది.

కంపోజిటర్, కాతిబ్

ఈ పనిలో భాషకు ఎంత విలువ ఉండేదో తెలియాలంటే కొంచెం వెనక్కు వెళ్ళాలి. సీసపు అక్షరాల కాలంలో తెలుగు కంపోజిటర్ ముందు వందల గళ్ళ పెట్టెలు ఉండేవి. తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు, ఒక్కొక్కటీ ఒక్కొక్క గడిలో. అక్షరాలు అద్దంలో ప్రతిబింబంలా తిరగబడి ఉండేవి. వాటిని ఏరి, వరుసగా పేర్చి, పని అయ్యాక మళ్ళీ ఏ గడిది ఆ గడిలో వేయాలి. పెద్ద చదువు లేని కంపోజిటర్లు కూడా పండితుల రాతప్రతులలో తప్పులు చూపించిన సందర్భాలు ఉన్నాయంటే, రోజూ చేతితో పేర్చిన భాష వారికి అంతగా పట్టుబడింది.

మన జిల్లాకు ఈ రంగంలో మంచి పేరే ఉంది. 1854లో మద్రాసులో ముద్రణాలయం పెట్టి, తెలుగు, సంస్కృత గ్రంథాలను ఇంటింటికీ చేర్చిన వావిళ్ళ రామస్వామి శాస్త్రులు నెల్లూరు జిల్లా మూలాలున్నవారే. స్వాతంత్ర్యానికి ముందు నుంచే నెల్లూరు పట్టణంలో 'జమీన్ రైతు' వారపత్రిక అచ్చవుతూ వచ్చింది.

ఉర్దూ ముద్రణది వేరే చరిత్ర. నస్తాలీఖ్ రాతలో అక్షరం పక్క అక్షరాన్ని బట్టి రూపం మార్చుకుంటుంది, వాలుగా కిందికి దిగుతుంది. సీసపు అచ్చులో దాన్ని అందంగా చూపడం కష్టమైంది. అందుకే 1796 ప్రాంతంలో జర్మనీలో ఆలోయిస్ సెనెఫెల్డర్ కనుగొన్న శిలా ముద్రణ, అంటే లితో, ఉర్దూకు వరమైంది. కాతిబ్ చక్కని దస్తూరీతో ప్రత్యేకమైన సిరాతో రాసేవాడు, ఆ రాత రాయి మీదకు ఎక్కేది, రాయి నుంచి కాగితం మీదకు దిగేది. 1858లో లక్నోలో మున్షీ నవల్ కిశోర్ స్థాపించిన ప్రెస్సు ఈ పద్ధతిలో వేలాది పుస్తకాలు వేసింది. ఆయన హిందువు. ఆయన ప్రెస్సు నుంచి ఖురాన్ ప్రతులూ వచ్చాయి, హిందూ ధర్మ గ్రంథాలూ వచ్చాయి. హైదరాబాదులో 1888లో ఏర్పడిన దాయిరతుల్ మఆరిఫ్ అరుదైన అరబీ రాతప్రతులను పరిష్కరించి అచ్చువేసి, ప్రపంచంలోని పండితులకు అందించింది. చెన్నైలో 1927లో మొదలైన 'ముసల్మాన్' ఉర్దూ దినపత్రిక ఇటీవలి కాలం దాకా కాతిబుల చేతిరాతతోనే వెలువడింది.

1980ల ఆరంభంలో నూరీ నస్తాలీఖ్ అనే కంప్యూటర్ అక్షరమాల వచ్చింది. 1990లలో ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. కాతిబ్ అవసరం తీరిపోయిందని అందరూ అనుకున్నారు. కాతిబ్‌తో పాటు అతని భాషాజ్ఞానం కూడా ప్రెస్సు నుంచి వెళ్ళిపోయింది. తెలుగులోనూ ఇదే జరిగింది. కంపోజిటర్ పోయి డి.టి.పి. ఆపరేటర్ వచ్చాడు. వేగం పెరిగింది, తప్పులూ పెరిగాయి.

చుక్క తప్పితే

ఉర్దూలో ఐన్ అక్షరం మీద ఒక్క చుక్క పెడితే గైన్ అవుతుంది. 'దుఆ' అని రాయవలసినది ఆ చుక్క వల్ల 'దగా' అయిపోతుంది. నికా కార్డు మీద అటువంటిది పడితే పెద్దల ముఖం చూడలేము. తెలుగులో 'వధువు' అన్న మాటలో 'ధు'కు బదులు 'దు' వేసిన కార్డులు మనం ఎన్ని చూడలేదు? అత్తవారి ఊరి పేరు తప్పు, తేదీకి వారం కుదరకపోవడం, తాతగారి పేరు ముందు 'మర్హూమ్' అన్న మాట బతికి ఉన్నవారికి తగిలించడం వంటివి కార్డులన్నీ అచ్చయి వచ్చాకే కంటబడతాయి. కాగితం ఖర్చు ఒకటికి రెండవుతుంది, మాట పట్టింపులు వేరే.

మన రెండు ఊళ్ళలో కంప్యూటర్ మీద తెలుగు కొట్టగలవారు దొరుకుతారు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ తప్పు లేకుండా కొట్టి, దిద్దగలవారు ఎందరున్నారో వేళ్ళ మీద లెక్కపెట్టి చూడండి. ఉర్దూ మాధ్యమంలోనో, మదరసాలోనో చదివి, తెలుగు మాట్లాడే వీధిలో పెరిగి, బడిలో ఇంగ్లీషు నేర్చిన పిల్లకు ఈ మూడు భాషలూ ఇంట్లోనే ఉన్నాయి. దాన్ని ఒక అర్హతగా మనమెవ్వరమూ ఆ పిల్లకు ఇంతవరకు చెప్పలేదు.

ఏళ్ళు గడిచినా హెల్పరే

"సారూ, మావోడు పది తప్పినాడు. యాడన్నా పనిలో పెట్టించండి" అని అడిగే తల్లులు ప్రతి జూన్ నెలలో బడికి వస్తారు. అటువంటి పిల్లలలో కొందరు నెల్లూరు, చెన్నై, బెంగుళూరు వెళ్ళి ప్రెస్సులలో చేరుతుంటారు. కాగితం మోయడం, రోలర్లు తుడవడం, టీ తేవడం, బండిల్ కట్టడం. ఏళ్ళు గడుస్తాయి. పండుగకు వచ్చినప్పుడు "ఏం చేస్తున్నావురా?" అంటే "హెల్పర్‌గా ఉన్నా సార్" అంటారు. రెండేళ్ళ తరువాత అడిగినా అదే జవాబు.

ఇందులో ఒక్కరి తప్పే ఉందనలేము. యజమానికి ఒక భయం ఉంటుంది: పూర్తిగా నేర్పిస్తే రేపు పక్క ప్రెస్సుకు పోతాడు. ఆపరేటర్‌కు ఒక భయం ఉంటుంది: ఈ కుర్రవాడు నేర్చుకుంటే నా జీతానికి ఎసరు. కుర్రవాడికి ఒక భయం ఉంటుంది: తెలియనిది అడిగితే తిడతారు. ఈ మూడు భయాల మధ్య విద్య ఆగిపోతుంది. చూసి నేర్చుకున్నవాడికి యంత్రం నడపడం కొంత వస్తుంది. రంగు ఎందుకు మారిందో, కాగితం ఎందుకు ముడుచుకుందో చెప్పడం రాదు. చేతిలో ధృవపత్రం లేదు కాబట్టి వేరే చోట అడిగే ధైర్యమూ ఉండదు. పెళ్ళి అవుతుంది, పిల్లలు పుడతారు, అతను హెల్పర్‌గానే మిగిలిపోతాడు. మనల్ని నిజంగా కలవరపెట్టవలసిన విషయం ఇదే.

శివకాశి నేర్పే పాఠం

మన ఇళ్ళలోకి వచ్చే క్యాలెండర్ల మీద, పెళ్ళి కార్డుల కట్టల మీద శివకాశి పేరు చూస్తూనే ఉంటాము. తమిళనాడులో వానలు సరిగా పడని, సేద్యం కలిసిరాని చిన్న ఊరు అది. మన మెట్ట గ్రామాలకు దానికి ఆ విషయంలో పెద్ద తేడా లేదు. 1922లో ఆ ఊరి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనే ఇద్దరు యువకులు అగ్గిపెట్టెల తయారీ నేర్చుకోవడానికి కలకత్తా వెళ్ళారు. కొన్ని నెలలు అక్కడే ఉండి, పని చేతికి వచ్చాక తిరిగి వచ్చి, సొంత ఊరిలో మొదలుపెట్టారు. తాము నేర్చినది మరికొందరికి నేర్పారు. అగ్గిపెట్టె ఉంటే దానికి లేబుల్ కావాలి. టపాకాయ ఉంటే దానికి బొమ్మ కావాలి. ఆ లేబుళ్ళ అవసరం నుంచే అక్కడ ముద్రణాలయాలు పుట్టి, కాలక్రమంలో దేశమంతటికీ క్యాలెండర్లు, డైరీలు, పుస్తకాలు పంపే స్థాయికి ఎదిగాయి.

ఇందులో గమనించవలసినవి మూడు. వెళ్ళినవారు ఇద్దరే. వెళ్ళింది నేర్చుకోవడం కోసమే. తిరిగి వచ్చాక విద్యను దాచుకోలేదు. అదే ఊరి చరిత్రలో మనం తీసుకోకూడని పాఠం కూడా ఉంది. ఎన్నో ఏళ్ళు అక్కడి పరిశ్రమలలో పసిపిల్లలను పనిలో పెట్టారు. బడి మానిపించి నేర్పించే పనిని నైపుణ్యం అనలేము. మన ప్రయత్నం ఏదైనా పిల్లవాడు బడి చదువు ముగించాకే మొదలు కావాలి.

మన ఊరికే ఒక లేబుల్ అవసరం ఉంది

ఉదయగిరి చెక్క స్పూన్లు, ఫోర్కులు ఎక్కడెక్కడికో వెళుతున్నాయి. నర్ది, బిక్కి వంటి అడవి కర్రను చెక్కి, నునుపు చేసి, పిడి మీద పనితనం చూపే ఈ కళ మన ముస్లిం కుటుంబాల ఇళ్ళలో తరాల నుంచి నిలిచింది. ఆడవాళ్ళు ఈ పనిలో సగపాలు మోస్తున్నారు. ఈ కళకు భౌగోళిక గుర్తింపు, అంటే జి.ఐ. ట్యాగ్ కూడా దక్కింది. ఈ నైపుణ్యానికి బడి లేదు, ఇల్లే బడి. తండ్రి చేతిని చూసి కొడుకు, తల్లి చేతిని చూసి కూతురు నేర్చుకున్నారు.

ఇంత చక్కటి వస్తువును మామూలు ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఇస్తే కొనేవారికి దాని విలువ ఎలా తెలుస్తుంది? దానికి తగిన అట్టపెట్టె, చెక్క పేరు, చేసిన ఊరు, జి.ఐ. గుర్తు, ఎలా కడగాలో చెప్పే చిన్న చీటీ ఉంటే అదే స్పూన్ మరికొంత ధర పలుకుతుంది. ఆ పెట్టె, ఆ చీటీ ఇక్కడే తయారైతే మరో నలుగురికి పని. శివకాశిలో అగ్గిపెట్టె లేబుల్ చేసిన మేలు ఇక్కడ స్పూన్ పెట్టె చేయగలదు. అంత పెద్దది కాకపోయినా, మొదలు పెట్టడానికి ఒక కారణం చాలు.

ఫోన్లు వచ్చాక అచ్చుకు రోజులు పోయాయి కదా అని కొందరు అడుగుతారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. శుభలేఖ వాట్సాప్‌లో వస్తోంది, బిల్లు పుస్తకం బదులు చిన్న యంత్రం చీటీ ఇస్తోంది. కానీ మందుబిళ్ళల పెట్టె, పప్పుల పొట్లం, నీళ్ళ సీసా లేబుల్, బడి పుస్తకం ఫోన్‌లోకి వెళ్ళలేవు. పని పుస్తకాల నుంచి ప్యాకేజింగ్ వైపు మళ్ళుతోంది. 2022లో మన రాష్ట్ర ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీలపై నిషేధం ప్రకటించినప్పుడు ఆ ఒక్క యంత్రాన్నే నమ్ముకున్న దుకాణాలవారు ఎంత ఆందోళన పడ్డారో మనకు తెలుసు. ఒకే యంత్రం తెలిసినవాడు ఆ యంత్రంతో పాటే కుంగిపోతాడు. అక్షరం, రంగు, కాగితం ఈ మూడూ తెలిసినవాడు ఏ యంత్రం వచ్చినా నిలబడతాడు.

తరగతి గదిలోనే మొదలు

ఈ పనికి కావలసిన పునాది చాలావరకు మన పాఠ్యపుస్తకాలలోనే ఉంది. కొన్ని ఉదాహరణలు చూద్దాము. తల్లిదండ్రులు ఇంట్లో పిల్లలతో చేయించవచ్చు.

ఒకటి, లెక్కలు. 23 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడవు ఉన్న కాగితాన్ని డబుల్ డెమ్మీ అంటారు. దాన్ని అటు నాలుగు, ఇటు నాలుగు భాగాలు చేస్తే 16 ఆకులు, అంటే 32 పేజీలు వస్తాయి. 96 పేజీల పుస్తకానికి 3 షీట్లు. వెయ్యి ప్రతులకు 3,000 షీట్లు. రీముకు 500 చొప్పున 6 రీములు. కానీ యంత్రం సర్దుకునే లోపు కొన్ని షీట్లు పాడవుతాయి. నూటికి 5 చొప్పున వృథా అనుకుంటే మరో 150 షీట్లు కావాలి. ఈ 150 మరిచినవాడు సరిగ్గా 6 రీములే తెప్పిస్తాడు, చివరికి పుస్తకాలు తక్కువ పడతాయి. ఇప్పుడు బరువు. చదరపు మీటరుకు 70 గ్రాముల కాగితమైతే ఆ సైజు రీము సుమారు 18.7 కిలోలు తూగుతుంది. అంగుళాలను మీటర్లలోకి మార్చి పిల్లలనే కట్టమనండి. వైశాల్యం, శాతాలు, ప్రమాణాల మార్పిడి, మూడు పాఠాలు ఒకే లెక్కలో వస్తాయి.

రెండు, విజ్ఞానశాస్త్రం. నూనె, నీరు కలవవు. ఆఫ్‌సెట్ ముద్రణ మొత్తం ఈ చిన్న సూత్రం మీదే నడుస్తుంది. ప్లేటు మీద అక్షరం ఉన్న చోటు సిరాను పట్టుకుంటుంది, లేని చోటు నీటిని పట్టుకుని సిరాను దగ్గరకు రానివ్వదు. ప్లేటు నుంచి రబ్బరు దుప్పటి మీదకు, దాని నుంచి కాగితం మీదకు బొమ్మ దిగుతుంది. ఆ నీరు కొద్దిగా ఆమ్లగుణంతో, పి.హెచ్. 5 దగ్గరగా ఉండాలి. పదో తరగతిలో చెప్పే పి.హెచ్. పాఠం ఎందుకు పనికొస్తుందని అడిగే పిల్లలకు ఇది జవాబు. కార్తీక మాసపు వానలలో కాగితం తేమ పీల్చి సాగుతుంది. అప్పుడు ఒక రంగు మీద మరో రంగు సరిగా కూర్చోదు. కారణం తెలిసినవాడు కాగితాన్ని ముందే యంత్రం గదిలో ఉంచి అలవాటు చేస్తాడు. తెలియనివాడు యంత్రాన్ని తిడతాడు.

మూడు, రంగులు. ఈ సంచికలో గానీ, ఏ పత్రికలో గానీ ఉన్న రంగుల ఫోటోను భూతద్దంతో చూపించండి. సయాన్ అనే నీలం, మెజెంటా అనే గులాబీ ఎరుపు, పసుపు, నలుపు, ఈ నాలుగు రంగుల చుక్కలు కనబడతాయి. ఆకుపచ్చ సిరా విడిగా వేయకుండానే నీలం, పసుపు చుక్కలు పక్కపక్కన చేరి మన కంటికి ఆకుపచ్చను చూపిస్తాయి.

నాలుగు, భాష. ఒక పేజీని ఇద్దరు పిల్లలకు ఇవ్వండి. ఒకరు మూలప్రతి గట్టిగా చదవాలి, మరొకరు అచ్చుప్రతిలో సరిచూడాలి. అంకెలను వెనక నుంచి ముందుకు కూడా చదవమనండి. ప్రూఫు దిద్దడం అంటే ఇదే. రోజుకు పది నిమిషాలు చాలు.

ఎక్కడ నేర్చుకోవచ్చు

ఐ.టి.ఐ. వృత్తులలో డెస్క్‌టాప్ పబ్లిషింగ్ ఆపరేటర్ అనే ఏడాది కోర్సు ఉంది. పది పాసైనవారు ఏ ఐ.టి.ఐ.లో ఈ కోర్సు ఉందో ముందుగా విచారించుకోవాలి. ముద్రణ సాంకేతికతలో డిప్లొమా చదవాలనుకునేవారికి సికింద్రాబాద్‌లో ప్రభుత్వ ప్రింటింగ్ టెక్నాలజీ సంస్థ ఉంది. పొరుగు రాష్ట్రం కాబట్టి స్థానికత నిబంధనలు చూసుకోవాలి. చెన్నై తరమణిలో ముద్రణ సాంకేతికత పాలిటెక్నిక్, గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో ఈ శాఖలో బి.ఇ. ఉన్నాయి.

మనవారికి ముఖ్యంగా చెప్పవలసినది జాతీయ ఉర్దూ భాషాభివృద్ధి మండలి నడిపే ఏడాది డిప్లొమా. కంప్యూటర్, ఖాతాల నిర్వహణ, బహుభాషా డి.టి.పి. ఒకే కోర్సులో నేర్పుతారు. ఇటువంటి కేంద్రాలను రిజిస్టర్ అయిన స్వచ్ఛంద సంస్థల ద్వారా నడిపించడం ఆ మండలి పద్ధతి.

పనిచేస్తూ నేర్చుకోవడానికి 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఉంది. ఆఫ్‌సెట్ మెషిన్ మైండర్, బుక్ బైండర్ వంటి పనులు ఆ చట్టం కింద గుర్తించిన వృత్తులలో ఉన్నాయి. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం 30 మంది గానీ అంతకన్నా ఎక్కువ మంది గానీ పనిచేసే సంస్థ తప్పనిసరిగా అప్రెంటిస్‌లను తీసుకోవాలి, నలుగురున్న చిన్న సంస్థ ఇష్టమైతే తీసుకోవచ్చు. చదువును బట్టి నెలకు కనీసం 5,000 నుంచి 9,000 రూపాయల స్టైపెండ్ నిర్ణయించారు. 2016లో వచ్చిన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద అందులో నాలుగో వంతు, 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరిస్తుంది. అంటే నేర్పించే యజమాని భారం కొంత తగ్గుతుంది, నేర్చుకునేవాడికి ధృవపత్రం వస్తుంది. పైన చెప్పిన మూడు భయాలకు ఇది కొంతవరకు మందు.

ఇప్పటికే హెల్పర్లుగా ఉన్నవారి సంగతేమిటి? పని చేస్తూ నేర్చినదాన్ని పరీక్షించి ధృవపత్రం ఇచ్చే పద్ధతి ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఉంది. 2023లో వచ్చిన విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో వడ్రంగం ఉంది, ముద్రణ లేదు. ఆ తేడా తెలియక దరఖాస్తు పెట్టి తిరిగేవారు ఉంటారు కాబట్టి చెబుతున్నాము. ఏ పథకానికైనా ఆ సంవత్సరపు నిబంధనలు చదువుకుని అడుగు వేయాలి.

డి.టి.పి. నేర్చుకునేవారికి ఒక మాట. చాలా దుకాణాలలో ఇప్పటికీ పేజ్‌మేకర్, అను అక్షరాలతోనే తెలుగు పని నడుస్తోంది. అది నేర్చుకోవాలి. దానితో పాటు యూనికోడ్ కూడా తప్పనిసరిగా రావాలి. ఫోన్‌లో, ఇంటర్నెట్‌లో, ప్రభుత్వ పత్రాలలో ఉన్న తెలుగు, ఉర్దూ యూనికోడ్‌లోనే ఉన్నాయి. ఒకదాని నుంచి మరొకదానిలోకి మార్చినప్పుడు ఒత్తులు చెదరకుండా సరిచూడగలవారికి ఎక్కడైనా గిరాకీ ఉంటుంది.

వేళ్ళు, కళ్ళు, ఊపిరి

ఏ పనికి పంపినా బిడ్డ క్షేమంగా ఉండాలి. కాగితం కోసే యంత్రానికి రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే కత్తి దిగే ఏర్పాటు ఉంటుంది. తొందర కోసం ఒక బటన్‌ను కట్టేసి ఉంచే చోట పిల్లలను పనికి పెట్టకండి. రోలర్లు తిరుగుతుండగా గుడ్డతో తుడవడం వేళ్ళకు ప్రమాదం. యంత్రం ఆపాకే తుడవాలి. రోలర్లు కడిగే ద్రావకాల వాసన గాలి ఆడని గదిలో ఊపిరితిత్తులకు, తలకు మంచిది కాదు. కంప్యూటర్ ముందు కూర్చునేవారు గంటకొకసారి లేచి దూరపు వస్తువులను చూడాలి. 14 ఏళ్ళలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టరాదని, 18 లోపు వారిని ప్రమాదకర పనులలో పెట్టరాదని 2016లో సవరించిన చట్టం చెబుతోంది. పనిలో చేర్పించే ముందు తండ్రి ఒకసారి వెళ్ళి ఆ గదిని కళ్ళారా చూసి రావడం మేలు.

సొసైటీ ముందు మా విన్నపం

ఉదయగిరి నుంచి నెల్లూరు సుమారు 100 కిలోమీటర్లు, ఆత్మకూరు నుంచి దాదాపు 60. రోజూ వెళ్ళి వచ్చి నేర్చుకోవడం పేద కుటుంబానికి సాధ్యం కాదు. అక్కడ ఉండడానికి చోటు, తినడానికి తిండి, మొదటి మూడు నెలల ఖర్చు ఎవరో ఒకరు చూసుకోవాలి. మన సొసైటీ ప్రతి సంవత్సరం పుస్తకాలు, ఫీజులు, దుప్పట్లు పంచుతోంది. దానితో పాటు ఈ నాలుగు పనులు ఆలోచించాలని కోరుతున్నాము.

మొదటిది, ఏడాదికి ఉదయగిరి నుంచి ఇద్దరు, ఆత్మకూరు నుంచి ఇద్దరిని ఎంపిక చేసి, ముద్రణలోని మూడు దశలలో వారికి తగిన దానికి పంపడం. నలుగురిలో ఇద్దరు ఆడపిల్లలైతే మంచిది. అక్షర కూర్పు, ప్రూఫు, పెట్టెల తయారీ ఇంటికి దగ్గరలోనే చేసుకోదగిన పనులు. రెండవది, వారు చేరబోయే ప్రెస్సుతో అప్రెంటిస్ ఒప్పందం కాగితం మీద రాయించడం. ఏ నెలలో ఏ పని నేర్పుతారో అందులో ఉండాలి. మూడవది, ఉర్దూ మండలి కోర్సుకు మన సొసైటీ తరఫున కేంద్రం కోసం దరఖాస్తు చేసే అవకాశం పరిశీలించడం. నాల్గవది, నేర్చుకుని వచ్చినవారు ఏడాదికి కనీసం ఒకరికి నేర్పాలని ముందే మాట తీసుకోవడం.

వీరిలో కొందరు తిరిగి రాకపోవచ్చు. చెన్నైలోనో, బెంగుళూరులోనో మంచి జీతం మీద స్థిరపడవచ్చు. దాన్ని నష్టంగా లెక్కపెట్టవద్దు. హెల్పర్‌గా వెళ్ళినవాడు ఇంటికి పంపే డబ్బుకు, మెషిన్ మైండర్‌గా వెళ్ళినవాడు పంపే డబ్బుకు తేడా ఆ ఇంటి చెల్లెలి చదువులో కనబడుతుంది. ఒకరైనా తిరిగి వచ్చి ఆత్మకూరు బస్టాండు దగ్గరో, ఉదయగిరి బజారులోనో ఒక చిన్న గది తీసుకుని, మూడు భాషలలో తప్పు లేకుండా పని చేసి ఇస్తే, తరువాత వచ్చే పిల్లలకు దారి కనబడుతుంది.

ఈ జూన్‌లో పది ఫలితాలు వచ్చాక తల్లిదండ్రులు ఒకసారి బడికి రండి. పాసైనా, తప్పినా పిల్లవాణ్ణి వెంట తీసుకురండి. వాడి చేత ఒక పేజీ చదివించి, ఒక కాగితం కొలిపించి, ఒక బొమ్మలోని రంగులు చెప్పించి చూద్దాము. వాడికి ఏ దశ పని సరిపోతుందో అక్కడే కూర్చుని మాట్లాడుకుందాము.